కన్నడ నేర్చుకోవాలనుంటే ముందు కూరగాయల బండి దగ్గరికి వెళ్లండి

"బెంగళూరు వచ్చి ఐదేళ్లయింది. ఏటా జనవరిలో కన్నడ నేర్చుకుందామనుకుంటాను, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి మర్చిపోతాను. ఈ కోరికని పనిలో పెట్టేదెలా?" ఇదీ మీ ప్రశ్న.

"కన్నడ నేర్చుకోవాలి" అన్నది పనే కాదు, అందుకే అవదు. "ఈ ఆదివారం నాలుగు రకాల కూరలు కన్నడలోనే కొంటాను" అన్నది పని. దానికి రోజుంది, చోటుంది, అయిందో లేదో సంచీ చూస్తే తెలిసిపోతుంది. యాప్‌ల జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. ఏనుగు పెద్దది, ఆకాశం నీలం అని వంద వాక్యాలు వల్లె వేయిస్తాయి. బెంగళూరులో ఆ ముక్క ఎవరితో అంటారు?

బండి దగ్గర కావలసింది పదిహేను మాటలు. ఎష్టు అంటే ఎంత, కొడి అంటే ఇవ్వండి, బేకు కావాలి, బేడ వద్దు, స్వల్ప కడిమె మాడి అంటే కాస్త తగ్గించండి. పావుకిలోని "కాలు కేజి" అంటారు, నవ్వకండి. ఆకుకూర సొప్పు, ఉల్లిపాయ ఈరుళ్ళి. చాలు అనాలంటే "సాకు". తెలుగులో సాకంటే ఏమిటో ఐదేళ్లుగా మీకు బాగా తెలుసు.

మనవాళ్లు తడబడేది అంకెల దగ్గర. ఇప్పత్తు 20, ఎప్పత్తు 70. ఒంబత్తు 9, తొంబత్తు 90. ఫోన్‌లో స్కాన్ చేసి ఎంత కొట్టాలో వినేటప్పుడు ఈ రెండు జతలూ కలిసిపోతాయి. ముందు ఇవి నోటికి రానివ్వండి, మిగతావి వాటంతటవే వస్తాయి. ఇంకో తప్పు, మాట చివర "అండి" తగిలిస్తే మర్యాద వచ్చేస్తుందనుకోవడం. అక్కడ మర్యాద క్రియలోనే ఉంటుంది. కొడు అంటే ఇవ్వు, కొడి అంటే ఇవ్వండి. బా అంటే రా, బన్ని అంటే రండి. ఆ ఒక్క అక్షరం మింగేసి పెద్దాయనతో "కొడు" అన్నారంటే బేరం సంగతి దేవుడెరుగు.

అసలు గండం వేరే ఉంది. మీరు "టొమేటో ఎష్టు?" అనగానే బండాయన మీ యాస పట్టేసి "నలభై అండీ" అంటాడు. ఈ ఊళ్లో సగం కోరికలు ఆ "అండీ" దగ్గరే చచ్చిపోతాయి. వెంటనే తెలుగులోకి దిగకుండా "కన్నడదల్లే హేళి, కలీతా ఇద్దీని" అనండి. కన్నడలోనే చెప్పండి, నేర్చుకుంటున్నాను అని. నూటికి తొంభైమంది సరదాపడి నేర్పుతారు.

రెండో వారం నుంచి చదవడం. తెలుగు వచ్చినవాళ్లకి పదిహేను రోజులు దండిగా చాలు, లిపులు రెండూ ఒకే తల్లి పిల్లలు. మన తలకట్టు టిక్కు మార్కులా ఉంటే వాళ్లది అడ్డగీతలా ఉంటుంది. ఈ, ఏ, ఓల దీర్ఘం అక్షరం మీద కాకుండా పక్కన విడిగా వస్తుంది. దాన్ని చూసీచూడనట్టు దాటేస్తే కుదరదు. ఏదైనా ప్రభుత్వ కార్యాలయం బోర్డు ముందు నిలబడి "కర్నాటక సర్కార" చదవండి. రెండు మాటల్లోనూ పొల్లు "ర్" తన చోట ఉండదు, తర్వాతి అక్షరం దాటాక చిన్న కొక్కెంలా కనిపిస్తుంది. మన పాత పుస్తకాల్లో వలపలగిలక అనేవారే, అదే ఇది. మనం వదిలేసుకున్నాం, వాళ్లు ఉంచుకున్నారు. దుకాణాల బోర్డుల్లో 60 శాతం కన్నడ ఉండాలని 2024లో చట్టం సవరించారు కాబట్టి చదువుకోడానికి కరువు లేదు, కింద ఇంగ్లీషులో జవాబు కూడా ఉంటుంది.

చదువుతుంటే ఒక కిటుకు దొరుకుతుంది. మన "ప" వాళ్లకి చాలాచోట్ల "హ" అవుతుంది. పాలు హాలు, పులి హులి, పాము హావు, పనస హలసు. పల్లె హళ్ళి అయింది, మారతహళ్ళి బోర్డు కింద రోజూ ట్రాఫిక్‌లో నిలబడేది అందుకే అన్నమాట, చదువుకోడానికి. మన "చ" కొన్నిచోట్ల "క" అవుతుంది. చెవి కివి, చెయ్యి కై, చెరువు కెరె.

నాలుగు ఆదివారాలయ్యాక కూడా ఆ బండాయన తెలుగులోకే లాగుతుంటే బండి మార్చండి. బీన్స్ కావాలంటే హురుళికాయి అనండి. ఉలవలు పోస్తాడని భయం వద్దు, అవి హురుళికాళు.