మళ్లీ విత్తే ముందు మన్ను తీసి చూడు

పాపకు పెద్దనాయన రాసేది.

బీన్సు సగం కూడా మొలవలేదంట, రేపే మళ్లీ విత్తుతావంట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు సొంతంగా సేద్యం పెట్టినావని కనబడినోళ్లందరికీ చెప్పుకున్నోణ్ని, ఈ మాట విన్న రాత్రి నిద్ర పట్టలేదు.

విత్తనాల అంగడికి అప్పుడే పోవద్దు. మొలవని చోట వేళ్లతో మన్ను తీసి గింజను చూడు. గట్టిగా, వేసింది వేసినట్టే ఉంటే తడి అందలేదు. ఉబ్బి మెత్తబడి కంపు కొడితే నీళ్లెక్కువై కుళ్లింది. గింజే లేకుంటే చీమలో ఉడతలో.

మీ నాయన ఈ సంగతి నీకు చెప్పడు, నేను చెప్తా. నువ్వు పుట్టకముందు కల్యాణదుర్గం పక్క ఎర్రనేలలో అలసంద వేసినాడు. మర్నాడే జడివాన, ఆపైన మండే ఎండ. సాలుకు నాలుగు మొక్కలు కూడా రాలేదు. విత్తనాలు నాసి అని అంగడాయనతో కొట్లాడి, వేరేచోట అప్పుకు ఇంకో మూట తెచ్చి, అవే సాళ్లలో విత్తి దండిగా నీళ్లు పారించినాడు. అవీ రాలేదు. మీ జేజి పోయి పుల్లతో గీకి చూస్తే, మొలకలన్నీ మట్టి పక్కు కింద మెడలు విరిగి పడున్నాయి. గింజ మంచిదే. ఎర్రనేల తడిసి ఎండితే పైన పెంకులా బిగుస్తుంది, మొలక దాన్ని చీల్చుకొని రాలేదు. మొదటిసారే ఆ పక్కును మెల్లగా పగలగొట్టుంటే సరిపోయేది. రెండో మూట అప్పుకు ఎద్దులు పోయినాయి. ఆ పొద్దు ఆయన అన్నం తినలేదు. నువ్వూ ఆయన బిడ్డవే, ఆయన తొందరే నీదీ. అందుకే నా భయం.

ఇంకోటి, బీన్సు చల్లదనం కోరే పంట. నేల వేడి 35 డిగ్రీలు దాటితే మొలక తగ్గుతుంది, మొలిచినా ఈ ఎండలకు పూత రాలుతుంది. ఆ ఖాళీల్లో మటిక్కాయలో (గోరుచిక్కుడు) అలసందో పెట్టు, ఎండకు ఓర్చుకుంటాయి. బీన్సు చలికాలానికి ఉంచు. మొండికెయ్యొద్దు తల్లీ.

ముందు తడి పెట్టి, పదునుకొచ్చినాక సాయంత్రం పూట అంగుళంన్నర లోతున విత్తు. గింజలు రాత్రంతా నానబెట్టొద్దు, చీలిపోతాయి. పైన శెనక్కాయ పొట్టు పల్చగా చల్లు. మిగిలిన సంచిలోంచి వంద గింజలు తడి గోనెపట్టలో చుట్టి నీడన పెట్టు. వారానికి సగం కూడా మొలవకుంటే ఆ సంచి విత్తొద్దు.

మధ్యాహ్నం చేన్లో ఉండొద్దు, తలకు గుడ్డ కట్టుకో. గింజ ఎట్లుందో చూసి నాకు ఫోన్ చెయ్యి. విత్తనాలకు డబ్బు కావాల్సొస్తే బయట ఎవర్నీ అడగొద్దు, నన్నడుగు.

నీ పెద్దనాయన