ఒక్క సెమిస్టర్‌కి జర్మనీ వెళ్తున్నారా? సీనియర్ల మాట సగమే వినండి

సెలవులకి తిరుపతి వచ్చినప్పుడల్లా తెలిసినవాళ్ళ పిల్లలు ఒకరిద్దరైనా అడుగుతుంటారు: "అన్నా, ఎక్స్చేంజ్‌లో ఒక సెమిస్టర్ జర్మనీ వచ్చింది, ఏమేం చూసుకోవాలి?" అప్పటికే వాళ్ళ దగ్గర సలహాలు బోలెడు ఉంటాయి. అవన్నీ రెండేళ్ళ మాస్టర్స్‌కి వెళ్ళిన సీనియర్లు ఇచ్చినవి. పార్ట్‌టైమ్ ఉద్యోగం ఎలా వెతకాలి, జర్మన్ ఏ లెవెల్ దాకా నేర్చుకోవాలి, కుక్కర్ ఎన్ని లీటర్లది కొనాలి. రెండేళ్ళు ఉండేవాళ్ళకి ఆ లెక్కలు సరే. అక్టోబరులో దిగి మార్చిలో తిరుగు విమానం ఎక్కేవాళ్ళ లెక్క వేరు. నేను మొదట వెళ్ళింది కూడా ఒక్క సెమిస్టర్‌కే, డ్రెస్డెన్‌కి. తర్వాత మాస్టర్స్‌కి మళ్ళీ వెళ్ళి అక్కడే ఉండిపోయాను. రెండూ చూసినవాడిగా చెబుతున్నాను.

మొదట క్యాలెండర్ చూడండి. జర్మనీలో వింటర్ సెమిస్టర్ అక్టోబరు 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. క్లాసులు అక్టోబరు మధ్యలో మొదలవుతాయి, ఫిబ్రవరిలో అయిపోతాయి, ఆ తర్వాతే పరీక్షలు. మన దగ్గర రెండో సెమిస్టర్ డిసెంబరులోనో జనవరిలోనో మొదలైపోతుంది. మీరు అక్కడ ఇంకా పరీక్షలకి చదువుతుండగానే ఇక్కడ మొదటి మిడ్ జరిగిపోతుంది, అటెండెన్స్ 75 శాతం దగ్గర వేలాడుతుంటుంది. దీని గురించి వెళ్ళేముందే డిపార్ట్‌మెంట్‌తో, ఎగ్జామ్ బ్రాంచ్‌తో మాట్లాడి కాగితం మీద రాయించుకోండి. "సార్ సరేనన్నారు" అనే మాట మీద విమానం ఎక్కొద్దు. మీరు తిరిగొచ్చేసరికి ఆ సార్ హెచ్‌ఓడీగా ఉండకపోవచ్చు. ఫైనలియర్ ప్రాజెక్టుకి వెళ్ళే వీలుంటే సమ్మర్ సెమిస్టర్ మేలు. అది ఏప్రిల్‌లో మొదలై, క్లాసులు జూలైలో అయిపోతాయి. గొడవ తక్కువ.

క్రెడిట్ల సంగతి కూడా తిరుపతిలోనే తేలాలి. అక్కడ సెమిస్టర్‌కి 30 ఈసీటీఎస్ (యూరప్ యూనివర్సిటీల క్రెడిట్ పద్ధతి) క్రెడిట్లు అంటే ఫుల్ లోడ్. ఒక్కో క్రెడిట్‌కి ఇంట్లో చదువుకునే సమయంతో కలిపి 25 నుంచి 30 గంటల పని లెక్కగడతారు. మన క్రెడిట్, వాళ్ళ క్రెడిట్ ఒకటి కావు. అందుకని ఏ సబ్జెక్టుకి బదులుగా ఏ సబ్జెక్టు అన్నది వాళ్ళ మాడ్యూల్ హ్యాండ్‌బుక్ (కోర్సుల వివరాల పుస్తకం)లోని సిలబస్ పేజీలు ప్రింట్ తీసి మీ డిపార్ట్‌మెంట్‌తో సంతకం పెట్టించుకోవాలి. రెండువైపులా ఒప్పుకుంటే నేను 30కి పోవద్దనే చెబుతాను. నాలుగు సబ్జెక్టులు తీసుకోండి. అందులో ఒకటైనా మన కాలేజీలో లేని ల్యాబ్ కోర్సు ఉండేట్టు చూసుకోండి. ఇక్కడా దొరికే థర్మోడైనమిక్స్‌ని అక్కడికెళ్ళి చదవడం ఎందుకు?

వీసా పని మనకి కొంచెం సుఖమే. ఆంధ్రావాళ్ళకి జర్మన్ కాన్సులేట్ చెన్నైలోనే, పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు. దరఖాస్తులో తేదీలు రాసేటప్పుడు మాత్రం క్లాసులు అయిపోయే రోజు రాయకండి, పరీక్షలు కూడా అందులో పడాలి. స్కాలర్‌షిప్ లేకపోతే ఖర్చులకి బ్లాక్డ్ అకౌంట్ చూపాలి, అంటే ముందే డబ్బు వేసి నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా. 2024 సెప్టెంబరు నుంచి నెలకి 992 యూరోల లెక్క, ఏడాదికైతే 11,904. ఉండే నెలలకి సరిపడా చూపితే చాలు. ఇన్సూరెన్స్ విషయంలో ఏజెంటు చెప్పిన ట్రావెల్ పాలసీని నమ్ముకోవద్దు. యూనివర్సిటీ చేరికకి అది సరిపోదు.

దిగాక గదిలో చేరిన రెండు వారాల్లోపల సిటీ ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి, అపాయింట్‌మెంటూ కావాలి. అది ముందే బుక్ చేసుకోండి. నమోదైన కొద్ది రోజులకి మీ పేరుతో టీవీ, రేడియో రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది. ఇంటికి నెలకి 18.36 యూరోలు. "నాకు టీవీ లేదే" అని చాలామంది చించి పారేస్తారు. టీవీ ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే. కాకపోతే ఒక ఫ్లాట్‌కి ఒకరు కడితే చాలు, కాబట్టి గదిలోవాళ్ళని అడిగి ఆ వివరం రాసి పంపండి.

గది అద్దెకి తీసుకునేటప్పుడు ఎన్ని నెలలో ముందే రాసుకునే ఒప్పందం అడగండి. మామూలు ఒప్పందమైతే ఖాళీ చేయడానికి మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. సెమిస్టర్‌కి వచ్చినవాళ్ళు అలాంటిది తీసుకుంటే దిగిన నెలరోజులకే నోటీసు ఆలోచన మొదలుపెట్టాలి. ఫోన్‌కి ప్రీపెయిడ్ సిమ్ చాలు. చవకగా వస్తోందని 24 నెలల ప్లాన్ మీద సంతకం పెట్టకండి.

ఇక అమ్మల ప్రశ్న. కుక్కర్ వద్దమ్మా. తిరిగి వెళ్ళిపోయే విద్యార్థులు గిన్నెలు, దుప్పట్లు ఊరికే ఇచ్చేసి పోతారు. రాగిపిండి, చెనిక్కాయల పొడి, కరివేపాకు పొడి పెట్టండి. ఎర్రగడ్డలు, టమోటాలు అన్ని ఊళ్ళలోనూ దొరుకుతాయి, సంగటి ఏ పొయ్యి మీదైనా ఉడుకుతుంది. నెయ్యి, పనీరు, చికెన్ పచ్చడి మాత్రం పెట్టకండి. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తేవడానికి యూరప్‌లో అనుమతి లేదు. మధ్యాహ్నం యూనివర్సిటీ క్యాంటీన్లో వెజ్ కూడా ఉంటుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు. బస్టాండు దగ్గర అర్ధరాత్రి కూడా ఇడ్లీ దొరికే ఊరి నుంచి వెళ్ళినవాళ్ళకి మొదటి ఆదివారం ఆకలి తప్పదు. శనివారమే కొనిపెట్టుకోండి.

పార్ట్‌టైమ్ సంగతి. ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయనిస్తారు, నిజమే. కానీ మీరు ఉండేది అర ఏడాది. ఉద్యోగం వెతకడానికి రెండు నెలలు, ట్యాక్స్ నంబరు కాగితాలకి కొన్నాళ్ళు పోతే, జీతం చేతికొచ్చే వేళకి పరీక్షలు వచ్చేస్తాయి. మాస్టర్స్ వాళ్ళకి అది అవసరం, మీకు అనవసరం. ఆ సాయంత్రాలు ల్యాబ్‌లో గడపండి.

చదువు దగ్గర కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ అడగరు. టైమ్‌టేబుల్‌లో 10 పక్కన సి.టి. అని ఉంటే క్లాసు పదింపావుకి మొదలవుతుందని అర్థం. అటెండెన్స్ చాలా క్లాసుల్లో తీసుకోరు. మిడ్‌లు, అసైన్‌మెంట్ మార్కులు చాలా సబ్జెక్టుల్లో ఉండవు. చివర్లో ఒక్క పరీక్ష, దాని మీదే మొత్తం గ్రేడు. కోర్సుకి పేరిచ్చినంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు, పరీక్షకి వేరేగా రిజిస్టర్ చేసుకోవాలి. ఆ గడువు క్రిస్మస్ సెలవుల చుట్టుపక్కల వచ్చి పోతుంది. కొన్ని సబ్జెక్టుల్లో రాత పరీక్షే ఉండదు. ప్రొఫెసరు ఎదురుగా కూర్చుని అరగంట మాట్లాడాలి, పక్కన ఇంకొకరు రాసుకుంటుంటారు. మన వైవా లాగా డెఫినిషన్లు అప్పజెబితే ముందుకు సాగదు. బోర్డు మీద గ్రాఫు గీయించి, "ఈ వంపు ఇటెందుకు తిరిగింది? ఉష్ణోగ్రత పెంచితే ఏమవుతుంది?" అని అడుగుతారు. తెలియకపోతే తెలియదని చెప్పి, పైకే ఆలోచిస్తూ మాట్లాడొచ్చు, దానికీ విలువ ఇస్తారు. ఇన్నేళ్ళ తర్వాత ఆ సెమిస్టర్‌లో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఏదంటే ఆ అరగంటే. మిగతాదంతా ఎలాగోలా తర్వాతైనా నేర్చుకునేవాణ్ణి.

గ్రేడ్లు తలకిందులు. 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 పాస్, 5.0 ఫెయిల్. 1.3 వచ్చిందని ఇంట్లో ఫోన్లో చెప్పేముందు ఈ ముక్క చెప్పండి, లేకపోతే నాన్నకి బీపీ పెరుగుతుంది.

డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, పొద్దున ఎనిమిదికి గానీ తెల్లారదు. అలిపిరి ఎండలో పెరిగిన శరీరానికి ఇది చలికన్నా కష్టం. మధ్యాహ్నం వెలుతురున్నప్పుడు బయట నడవండి, గదిలో ముడుచుకోవద్దు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు మారతాయి, ఆ తర్వాత మనకీ వాళ్ళకీ తేడా నాలుగున్నర గంటలు. సాయంత్రం ఆరింటికి క్లాసయ్యాక ఫోన్ చేస్తే ఇక్కడ పదిన్నర. ఇంట్లోవాళ్ళు నిద్ర ఆపుకుని కూర్చోకుండా శని, ఆదివారాలకి పెట్టుకోండి. తెలుగువాళ్ళతో తిరగొద్దు అని కొందరు నీతులు చెబుతారు. నేను చెప్పను. జ్వరమొస్తే రసం పెట్టేది వాళ్ళే. గది మాత్రం వేరే దేశాలవాళ్ళతో పంచుకోండి. వంటగది తుడిచే వంతు మీద జరిగే వాదనల్లో భాష తొందరగా వస్తుంది.

తిరగడం తప్పు కాదు. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్‌కి రైల్లో రెండున్నర గంటలు కూడా పట్టదు. కానీ వారం వారం ఊళ్ళు పట్టుకుని తిరిగితే సోమవారం ల్యాబ్‌లో కునుకు తీయడమే మిగులుతుంది. సెలవులకి ఒక పెద్ద ప్రయాణం పెట్టుకోండి, చాలు.

తర్వాత మాస్టర్స్‌కి వచ్చే ఆలోచన ఉంటే సిఫార్సు లేఖ గురించి డిసెంబరులోపలే ప్రొఫెసరుతో మాట్లాడండి. ఊరొదిలేముందు అడ్రస్ రద్దు చేయించండి, ఇన్సూరెన్స్ ఆపించండి, గది డిపాజిట్ డబ్బు వచ్చేదాకా బ్యాంకు ఖాతా మూయకండి. మార్కులు చాలాసార్లు మీరు వచ్చేశాక, ఏప్రిల్‌లో గానీ తేలవు. ట్రాన్‌స్క్రిప్టు పోస్టులో పంపమని ఇంటర్నేషనల్ ఆఫీసులో అడ్రస్ ఇచ్చేటప్పుడు "గంగమ్మ గుడి వెనక వీధి" అని రాసి ఊరుకోకుండా డోర్ నంబరు, పిన్‌కోడ్, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు కూడా రాయండి. అలాగే ఒక స్కాన్ కాపీ మెయిల్లో పంపమనండి, ఎగ్జామ్ బ్రాంచ్‌లో ముందు దాన్నే చూపించి పని మొదలుపెట్టించవచ్చు.