గీజర్ ప్లగ్ కాలిపోతోందంటే వైరింగంతా మార్చాలా?

గీజర్ వేసిన పది నిమిషాలకే సాకెట్ ముట్టుకోలేనంత వేడెక్కుతోంది, ఎలక్ట్రీషియన్ వైరింగంతా మార్చాలంటున్నాడు, నిజమేనా అని అడిగారు. ఆగండి. ముందు సాకెట్ విప్పించి వెనక స్క్రూలు చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు.

మేము మలక్‌పేటలో అద్దెకున్నప్పటి సంగతి. డిసెంబరు చలి. బాత్రూమ్ దగ్గర ఒకటే చేపలు కుళ్లిన వాసన. మేమేమో శాకాహారులం. పక్కింటి పిల్లి ఏదో తెచ్చి పడేసిందని మా ఆవిడ మంచాల కింద వెతికింది. మూడు రోజులు పిల్లిని తిట్టుకున్నాక నాలుగోరోజు సాకెట్ మీద గోధుమరంగు మరక కనిపించింది. ప్లాస్టిక్ కమిలితే అలాంటి వాసన వస్తుందని అప్పుడే తెలిసింది.

విప్పితే ఏముంది! వైరు రంధ్రంలో పట్టలేదని, సాకెట్ బిగించిన మహానుభావుడు సగం రాగి పోగులు కత్తిరించేశాడు. మిగిలిన సగం మీదైనా స్క్రూ కూర్చుందా అంటే అదీ లేదు, పైతొడుగు మీద కూర్చుంది. సాకెట్ మాత్రం ట్రూప్ బజార్‌లో నేనే ఏరి కొన్న 16 ఆంప్స్ సరుకు.

ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్, ఎందుకు పడలేదని మా బావమరిది వాదన. ఎందుకు పడుతుంది? 2000 వాట్ల గీజర్ లాగేది 9 ఆంపియర్లే, స్క్రూ లూజుగా ఉన్నంత మాత్రాన అది పెరగదు. కానీ ఆ లూజు దగ్గర అర ఓమ్ నిరోధం ఉన్నా 40 వాట్ల వేడి పుడుతుంది. టంకం కరిగించే మామూలు సోల్డరింగ్ ఐరనే 25 వాట్లు!

మెయిన్ ఆపి, కరెంటు లేదని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. కమిలిన ముక్క కోసేసి, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి రావాలి. పోగులన్నీ కలిపి మెలిపెట్టాలి, రంధ్రం పెద్దదైతే మడిచి దూర్చాలి. స్క్రూ రాగినే పట్టాలి. బిగించాక వైరు పట్టుకుని గట్టిగా లాగండి, ఊడేదేదో అప్పుడే ఊడనివ్వండి. చివరలకు సోల్డర్ (టంకం) పూయమనేవాళ్ల మాట వినకండి, స్క్రూ కింద అది మెల్లగా అణిగి మళ్లీ లూజవుతుంది. కాలిన సాకెట్ మాత్రం మార్చాల్సిందే, ప్లగ్ లోపలి స్క్రూలూ చూడాలి.

అసలు మనవాళ్లు టెస్టర్‌తోనే స్క్రూలు బిగిస్తారు చూడండి, నాకు ఒళ్లు మండేది అక్కడే. పుల్లంత టెస్టర్‌కి పట్టెక్కడిది? తొడుగేమో పళ్లతో పీకుతారు.

మా ఓనరు కొత్త సాకెట్ డబ్బులు అద్దెలో తగ్గించుకోనివ్వలేదు. పిల్లి మీద మాత్రం ఆయనకు ఇప్పటికీ అనుమానమే.