నీరు తీసేకొద్దీ ఊరుతోంది సిస్టరమ్మా!

సిస్టరమ్మతో మాట
సర్జరీ వార్డులో 31 ఏళ్లు పనిచేసి, రిటైరయ్యాక ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటున్న నర్సు పాఠకులకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: సిస్టరమ్మ గారికి నమస్కారాలు. నాకు 47 ఏళ్లు. మాది గుణుపురం. ఇంటి ముందే టిఫిన్ల కొట్టు. కుడి రొమ్ములో గడ్డ వస్తే విశాఖలో ఆపరేషన్ చేసి రొమ్ము మొత్తం, చంకలో బిళ్లలు తీసేశారు. ఆరు వారాలవుతోంది. లోపలి నీరు పోవడానికి పక్కన పెట్టిన పైపు, డబ్బా పదకొండో రోజున తీశారు. మూడు రోజులకే కుట్ల కింద పొంగింది. పక్కకి తిరిగితే లోపల నీళ్ల సంచి కదిలినట్టు ఉంటుంది. రెండుసార్లు విశాఖ వెళ్లి తీయించుకున్నాను. మొదటిసారి 140 మిల్లీలీటర్లు, రెండోసారి 120. మళ్లీ నిండింది. రైల్లో వెళ్లి రావాలంటే రోజంతా పోతుంది, ఆ రోజు కొట్టు మూతే. మా వీధి కాంపౌండరు ఇంటికొచ్చి వంద రూపాయలకే తీస్తానంటున్నాడు. నీళ్లు తాగితే నీరు పడుతుందని మా అత్తగారు రోజుకి రెండు గ్లాసులే ఇస్తున్నారు. పప్పు, గుడ్డు, పెరుగు మానిపించారు. ఆముదపాకు వేడి చేసి కాపడం పెడదామంటున్నారు. పక్కింటావిడ అయితే ‘వేరు లోపలే ఉండిపోయింది, అందుకే ఊరుతోంది’ అంది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. జబ్బు మళ్లీ వచ్చిందా? వచ్చే వారం కీమో మొదలుపెడతామన్నారు. ఈ నీటితో కీమో ఎలా?
- ఒక సోదరి, గుణుపురం

జవాబు: చెల్లీ, వయసులో పెద్దదాన్ని, నువ్వు అనే అంటాను. ముందు పక్కింటావిడ మాట సంగతి చూద్దాం. క్యాన్సర్‌కి వేరు ఉండి, ఆ వేరు నీరు ఊరించడం అన్నది లేదు. రొమ్ము తీసేశాక పై చర్మానికీ, లోపలి ఛాతీ కండకీ మధ్య ఖాళీ మిగులుతుంది. చంకలో బిళ్లలు తీసేటప్పుడు వాటికి వచ్చే సన్నటి లింఫ్ నాళాలు తెగుతాయి. వాటిలోంచి కారేదీ, పుండు మానేటప్పుడు ఊరేదీ కలిసి ఆ ఖాళీలో చేరుతాయి. డాక్టర్లు దీన్ని సీరోమా అంటారు. పై చర్మం కింద కండకి అతుక్కునేదాకా ఊరుతుంది, అతుక్కుంటే ఇక చేరడానికి చోటుండదు. ఈ ఆపరేషన్ తర్వాత ఇది చాలామందికి వస్తుంది. నా సర్వీసులో నేను లెక్కపెట్టడం మానేశాను.

జబ్బు మిగిలిందా లేదా అన్నది చెప్పాల్సింది నీ బయాప్సీ రిపోర్టు. అది నీ ఫైల్లోనే ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు మూడు అడుగు: తీసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయా, చంకలో ఎన్ని బిళ్లలు చూశారు, వాటిలో ఎన్నిటికి జబ్బు ఉంది. డాక్టరు గారు విసుక్కున్నా సరే, అడుగు.

నాకూ 2016లో ఎడమ వైపు ఇదే ఆపరేషన్ అయింది. వార్డులో ఎంతమందికో ‘ఏం కాదమ్మా, అదే తగ్గిపోతుంది’ అని చెప్పి పక్క మంచానికి వెళ్లిపోయినదాన్ని. నా ఒంట్లో నీరు కదిలిన రాత్రి మాత్రం లేచి లైటేసుకుని, అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఏడుసార్లు తీశారు. మా మనవరాలి పాత లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నాను: 180, 150, 165, 110, 70, 40, 15. మూడోసారి పెరిగింది చూశావా? ఆ రోజు ఆసుపత్రి వరండాలోనే ఏడ్చేశాను. అంతకు ముందు రెండు రోజులు చెల్లెలి కూతురి పెళ్లికని అరిసెల పాకం కలిపాను. ముమ్మాటికీ దానివల్లేనని ఒట్టేసి చెప్పలేను గానీ, ఆ తర్వాత గరిటె ముట్టలేదు.

నువ్వూ ఒక పుస్తకం పెట్టుకో. తేదీ, ఎంత వచ్చింది, ఏ రంగులో వచ్చింది. అంతే. ఏదో ఒక రోజు అంకె చూసి బెంబేలు పడొద్దు, వరస ఎటు పోతోందో చూడు. 140 తర్వాత 120 అంటే కిందికే దిగుతోంది.

‘ఆ రోజు కొట్టు మూతే’ అని రాశావు. అంటే మిగతా రోజులు తెరుస్తున్నావన్నమాట! గ్రైండర్లోంచి పిండి తోడటం, ఇడ్లీ పాత్ర దించడం, నీళ్ల బిందె ఎత్తడం, అన్నీ ఆ కుడిచేత్తోనే కదా. అతుక్కోబోతున్న చర్మం భుజం గట్టిగా లాగినప్పుడల్లా జరుగుతుంది, లోపల మళ్లీ ఊరుతుంది. కొన్నాళ్లు బరువులు ఇంకొకరికి వదిలేసి నువ్వు గల్లా దగ్గర కూర్చో. అలాగని చేతిని ఒళ్లో పెట్టుకుని కదలకుండా ఉంచావంటే భుజం పట్టేస్తుంది. రేడియేషన్ అవసరమైతే ఆ చెయ్యి తలపైకి ఎత్తి పడుకోవాలి, అప్పుడు ఏడుపే మిగులుతుంది. తల దువ్వుకో, జాకెట్ హుక్కులు నువ్వే పెట్టుకో, గోడ మీద వేళ్లతో మెల్లగా పైకి పాకించు. నొప్పిగా లాగిన చోట ఆగు. ఎన్నిసార్లు, ఎంత ఎత్తు అన్నది ఫిజియోథెరపీ వాళ్లని ఒక్కసారి అడిగి చేస్తే ఇంకా మంచిది.

ఇక నీళ్లు, పత్యం. ఇక్కడ మన మాటే మనల్ని దారి తప్పించింది. మనం ‘నీరు పట్టింది’ అంటాం, మా వార్డులో ఒడియా వాళ్లు ‘పాణి జమిగలా’ అనేవారు. ఏ భాషలో విన్నా కుండలో నీళ్లే గుర్తొస్తాయి. తాగే నీళ్లు తగ్గిస్తే ఆ కుండా ఖాళీ అవుతుందని మీ అత్తగారు అనుకున్నారు, పాపం. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని వాడుకమాటకి వంక పెట్టకూడదు గానీ, ఈ ఒక్క చోట పెట్టక తప్పదు. సిరంజిలోకి వచ్చేది మొదట్లో కాస్త ఎర్రగా, తర్వాత లేత పసుపుగా ఉంటుంది. అందులో ప్రోటీన్ ఉంటుంది. నువ్వు తాగిన నీళ్లు అక్కడికి పోవు. దాహం వేసినన్ని తాగు. పప్పు, గుడ్డు, పెరుగు ఈ రోజు నుంచే మొదలుపెట్టు. పుండు మానాలన్నా, ముందున్న కీమోకి తట్టుకోవాలన్నా ఒంట్లో సరుకుండాలి. షుగరు, కిడ్నీ జబ్బు లాంటివి ఉంటే మాత్రం నీ డాక్టరు చెప్పిన తిండే తిను. అత్తగారితో గొడవ పడకు, ఈ పేరా చదివి వినిపించు.

కాపడం విషయంలో నా తప్పు చెప్పుకోవాలి. ఆపరేషన్‌లో చర్మానికి వెళ్లే నరాలు కొన్ని తెగుతాయి కాబట్టి కుట్ల చుట్టూ, చంకలో, చేతి లోపలివైపు మొద్దుబారి ఉంటుంది. అది తెలిసిన నర్సుని, నేనే ఒక చలికాలపు రాత్రి వేడినీళ్ల రబ్బరు సంచి అక్కడ పెట్టుకుని పడుకున్నాను. చురుక్కుమనలేదు. పొద్దున చూస్తే రూపాయి బిళ్లంత బొబ్బ. రెండు వారాలు డ్రెస్సింగ్. నా కీమో వెనక్కి జరిగింది ఆ బొబ్బ వల్లే. ఆముదపాకూ వద్దు, ఆకు పసరూ వద్దు, వేడి ఉప్పు మూటా వద్దు. చేత్తో నొక్కి నీరు దించే ప్రయత్నమూ వద్దు.

ఆ మొద్దుబారడం వల్ల ఒక మేలు ఉంది: సూది గుచ్చి తీసేటప్పుడు పెద్దగా నొప్పి తెలియదు. కాంపౌండరు ధైర్యం కూడా అదే అయ్యుంటుంది. వద్దని చెప్పు. చర్మం కింద నిలిచిన ఆ ద్రవంలోకి ఒక్క క్రిమి వెళ్లిందా, తేలిగ్గా చీము పట్టేస్తుంది. అయినా పొంగిన ప్రతిసారీ తీయించుకోవాలని కూడా లేదు. కొద్దిగా ఉండి, మెత్తగా, నొప్పి లేకుండా ఉంటే డాక్టర్లు వదిలేస్తారు, ఒళ్లే మెల్లగా పీల్చుకుంటుంది. బిగుతుగా ఉబ్బి, కుట్లు లాగుతూ, చెయ్యి ఎత్తనివ్వకపోతే తీస్తారు.

దానికోసం ప్రతిసారీ విశాఖ పరిగెత్తకుండా ఒక పని చెయ్యి. ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చేసి, దగ్గర్లో సర్జన్ చేత తీయించుకోవచ్చా అని అడుగు. సరేనంటే రెండు వాక్యాల లెటర్ రాయించుకో. ఆ లెటరు, డిశ్చార్జి కాగితం జెరాక్సు పట్టుకుని మీ గుణుపురం సబ్ డివిజన్ ఆసుపత్రికి గానీ, ఇక్కడ పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికి గానీ వెళ్లి, సర్జన్ ఏ రోజుల్లో ఉంటారో ముందే కనుక్కో. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఆంధ్రా డాక్టరు రాసింది ఒడిశా డాక్టరు చదవడానికి ఏ అడ్డూ లేదు. అడ్డంతా మనం అడగకపోవడమే.

కీమో తేదీ నీ అంతట నువ్వు వాయిదా వేసుకోకు. కాస్త నీరున్నంత మాత్రాన సాధారణంగా ఆపరు. ఇన్ఫెక్షన్ ఉంటే, పుండు విడిపోతే ఆపుతారు. కాబట్టి సూది పెట్టకముందే ఛాతీ చూపించి, నీ పుస్తకం వాళ్ల ముందు పెట్టు. ఒంటి వేడి 100.4 డిగ్రీలు దాటినా, చర్మం ఎర్రబడి ఆ ఎరుపు పాకుతున్నా, వేడిగా తగిలినా, వచ్చే నీరు మబ్బుగా మారినా, వాసన వేసినా, కుట్లలోంచి కారినా అదే రోజు వెళ్లాలి. కీమో మొదలయ్యాక జ్వరమొస్తే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికే. పారాసిటమాల్ వేసుకుని తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. ఆ రోజుల్లో తెల్ల కణాలు తగ్గి ఉంటాయి, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది. థర్మామీటరు లేకపోతే ఇవాళే కొను.

ఎన్నాళ్లు అంటావా? చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కొందరికి నెలలు పడుతుంది. నాకు తొమ్మిది వారాలు. ఏడోసారి సిరంజిలో 15 చూసి డాక్టరు గారు ‘దీనికోసమా ఇంత దూరం వచ్చారు?’ అన్నారు. అంకెలు ఎంతకీ దిగకపోతే స్కానింగ్ చేయించి, లోపల గది కట్టినట్టు గోడ ఏర్పడిందేమో చూస్తారు. అలాంటప్పుడు మళ్లీ పైపు పెట్టడమో, చిన్న ఆపరేషనో అవసరమవుతుంది. అంతా ఆరిపోయిన చాలా నెలలకి కొత్తగా ఉబ్బితే అది సీరోమాయేనని నువ్వే తేల్చుకోకుండా చూపించు. చెయ్యి వాచినా అంతే, అది వేరే సంగతి.

ఒకటి నువ్వు అడగలేదు. బయటికి వెళ్లేటప్పుడు ఆ వైపు పాత నేత చీర ముక్క మెత్తగా మడిచి కాటన్ బ్రాలో పెట్టుకో. సిలికాన్‌తో చేసిన కృత్రిమ రొమ్ము పుండు పూర్తిగా మానాక, డాక్టరు సరేనన్నాక. ఊపిరాడనంత బిగించి గుడ్డ చుట్టుకోవద్దు.

ప్రశ్న: మా అమ్మకి రొమ్ము ఆపరేషన్ చేసి, పక్కన డ్రెయిన్ డబ్బాతోనే ఇంటికి పంపారు. అది ఎప్పుడు తీస్తారు? స్నానం చేయించవచ్చా? అమ్మ నన్ను దగ్గరికి రానివ్వడం లేదు.
- ఒక కొడుకు, రాయగడ

జవాబు: బాబూ, 24 గంటల్లో వచ్చేది సుమారు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గి, రెండు రోజులు వరుసగా అలాగే ఉంటే చాలామంది డాక్టర్లు తీసేస్తారు. మీ డాక్టరు చెప్పిన అంకె వేరైతే అదే లెక్క. రోజూ ఒకే టైముకి కొలిచి రాయి. ఖాళీ చేశాక డబ్బాని నొక్కి గాలి పోయాకే మూత బిగించాలి, లేకపోతే అది లాగదు. పడుకున్నా, నడిచినా డబ్బా ఛాతీ కంటే కిందే ఉండాలి. లంగాకి పిన్నీసుతో తగిలిస్తే పైపు లాగకుండా ఉంటుంది. స్నానం బదులు తడిగుడ్డతో తుడిస్తే చాలు, డ్రెస్సింగ్ తడవకూడదు. ధారాళంగా వచ్చేది ఉన్నట్టుండి ఆగిపోయి ఛాతీ ఉబ్బితే పైపులో గడ్డ అడ్డుపడి ఉండొచ్చు, ఫోన్ చెయ్యి. చిక్కటి ఎర్ర రక్తంతో డబ్బా గబగబా నిండితే ఫోన్ కూడా చెయ్యకుండా తీసుకెళ్లిపో.

మీ అమ్మగారు ఛాతీ చూపించనక్కర్లేదు. డబ్బా ఒక్కటే చూపించమను. ఆవిడ దుప్పటి కప్పుకుని కూర్చున్నా నువ్వు గీతలు చదవొచ్చు.