ఆ కిటికీ ఒక్కటి చాలు

అమ్మాయికి,

నువ్వు పంపిన పాట మూడుసార్లు విన్నాను. రిఫ్, అదే పదేపదే వచ్చే ఆ గిటార్ ముక్క, బాగుంది, నాకు అసూయ పుట్టేంత బాగుంది. గొడవంతా మాటల దగ్గరే. ఎనిమిది చరణాల్లో నువ్వు తీసుకున్న నవల మొత్తం చెప్పేశావు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఇల్లు చివరికి ఎవరి పాలైంది... వింటుంటే రేపు పరీక్ష ఉన్నట్టు టెన్షన్ వచ్చింది.

ఈ తప్పు నేనూ చేశాను. బ్యాండ్‌లో ఉన్న రోజుల్లో ఒక లావుపాటి నవల మీద పాట రాసి, ఐదుగురి పేర్లు అందులో కుక్కాను. రిహార్సల్ అయ్యాక మా డ్రమ్మర్ "ఇంతకీ వీళ్లలో చచ్చింది ఎవరు?" అన్నాడు. ఆ పాట మళ్లీ వాయించలేదు.

ఇంగ్లిష్ గాయని కేట్ బుష్ 1978 నాటి పాట 'వుదరింగ్ హైట్స్' మళ్లీ విను, ఈసారి నవల పక్కన పెట్టుకుని. అదే పేరుతో 1847లో వచ్చిన ఎమిలీ బ్రాంటీ పుస్తకంలో రెండు తరాల కథ ఉంది. పాటలో ఉన్నది ఒక్క కిటికీ. చలిలో బయట నిలబడ్డ, చనిపోయిన నాయిక క్యాథీ దయ్యం లోపలికి రానివ్వమంటుంది, అంతే. ఇంకో సంగతి గమనించు. నవలలో ఆ దయ్యం సంగతి మనకు చెప్పేది లాక్‌వుడ్ అనే అద్దెకొచ్చిన మనిషి. అతనికి అదొక పీడకల. కేట్ బుష్ అతన్ని మధ్యలోంచి తప్పించి, దయ్యం చేతే మాట్లాడించింది, అదీ నేరుగా తను ప్రేమించిన హీత్‌క్లిఫ్‌తో. ఆ గొంతు అంత పైస్థాయిలో ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది. మామూలు మనిషి గొంతుకి ఆ మాటలు అతకవు.

అంచేత కలం పట్టేముందు తేల్చుకోవాల్సింది ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో అన్నదే. అమెరికన్ రాక్ గాయకుడు స్ప్రింగ్‌స్టీన్ 1982 ఆల్బమ్ 'నెబ్రాస్కా' మొదటి పాటలో హంతకుడే మాట్లాడతాడు. మధ్యలో "సార్" అంటాడు. ఆ ఒక్క పిలుపుతో ఎదురుగా ఎవరో కూర్చుని ప్రశ్నిస్తున్నట్టు మనకే అనిపిస్తుంది. ఆ పాటల మీద అమెరికన్ రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ కథల ముద్ర ఉంది, కానీ ఆమె పేరు ఎక్కడా వినబడదు. చెడ్డపనికి సంజాయిషీ వెతక్కుండా చూపించే తీరు మాత్రం ఆమె కథల్లోదే. సాహిత్య ప్రభావమంటే నా లెక్కలో ఇదీ, పాత్రల పేర్లు అరువు తెచ్చుకోవడం కాదు.

అలాగని కథంతా చెప్పకూడదని రూలేం లేదు. జానపద గాయకుడు వుడీ గత్రీ 1940లో 'టామ్ జోడ్' పాటలో స్టైన్‌బెక్ నవల 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' కథ మొత్తం చెప్పాడు. రికార్డు ఒక వైపు పట్టక రెండు భాగాలు చేశారు. కానీ అది పెద్దగా హంగుల్లేని బ్యాలడ్, అంటే కథ చెప్పే పాట, ప్రతి మాటా వినబడుతుంది. నీ వెనక రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్ ఉన్నాయి తల్లీ! సగం మాటలు వాటి కిందే నలిగిపోతాయి.

ఇక నీ ఐదో చరణం. తల్లి పోయాక కూతురు ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూస్తుంది, అంతా మసక. నీ పాట అదే, దాన్ని ఐదో చరణంలో దాచిపెట్టావు! మొదటికి తీసుకురా. కూతురు అమ్మతోనే మాట్లాడాలి. పల్లవిలో "నాకు కనబడటం లేదు" అను. మొదటిసారి అది కళ్లజోడు గురించే. రెండో చరణంలో అమ్మ పాత ఉత్తరాలు దొరకనీ, అప్పుడు అవే మాటలు వేరేలా వినబడతాయి. చివర్లో కళ్లజోడు తీసేశాక కూడా పల్లవి మార్చకు. బ్రిడ్జ్‌లో, అదే చివరి పల్లవికి ముందు బాణీ మారే చోట, వివరణలు వద్దు, గిటార్‌కి వదిలెయ్.

అన్నట్టు, ఆ నవల కాపీరైట్ ఎవరి చేతిలో ఉందో ముందే కనుక్కో. డేవిడ్ బోవీ అంతటి రాక్ గాయకుడు ఆర్వెల్ నవల '1984'ని స్టేజీ మ్యూజికల్ చేద్దామనుకుంటే రచయిత భార్య ఒప్పుకోలేదు. ఆ పాటల్లో కొన్ని 1974లో 'డైమండ్ డాగ్స్' ఆల్బమ్‌లో చేరాయి.

ఆదివారంలోగా కళ్లజోడు చరణం, పల్లవి ఫోన్‌లో పాడి పంపు. గిటార్ ఒక్కటి చాలు, డ్రమ్స్ వద్దు.

మీ బాబాయి