అద్దె ఇంట్లో సాకెట్లు షాక్ కొడుతుంటే ఖర్చు ఎవరిది?

ప్రశ్న: మేం అద్దెకుంటున్న ఇల్లు పాతది. ఫ్రిజ్ ముట్టుకుంటే షాక్ కొడుతోంది, గీజర్ వేస్తే ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్) పడిపోతోంది. వైరింగ్ మార్చమంటే ఓనరుగారు "లోపం మీ వస్తువుల్లోనే ఉంది" అంటున్నారు. మేమే బాగు చేయించుకుని ఆ డబ్బు అద్దెలో పట్టుకోవచ్చా?

జవాబు: పట్టుకునే వీలుంది గానీ, వచ్చే నెలే మొదలుపెట్టకండి. ముందు ఆ సాకెట్లు వాడటం ఆపండి.

ఓనరు బాధ్యతగా ఉన్న రిపేరును, నోటీసు ఇచ్చాక కూడా సమంజసమైన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ చెబుతోంది. ఇక్కడిదాకా విని అద్దె ఆపేసేవాళ్లున్నారు. కానీ ఏ రిపేరు ఓనరు బాధ్యతో ముఖ్యంగా మీ అగ్రిమెంటే తేల్చాలి. పెద్ద రిపేర్లు ఓనరువని అందులో ఉంటే, గోడలోపలి వైర్లు, ఎర్తింగ్ వాటికిందికే వస్తాయని గట్టిగా వాదించవచ్చు. అన్నీ మీరే చేయించుకోవాలని రాసి ఉంటే మాత్రం మినహాయింపు కష్టం. అప్పుడు అదే సెక్షన్‌లో ఇంకో దారి ఉంది: తనకు తెలిసి, మామూలుగా చూస్తే మీకు కనబడని ముఖ్యమైన లోపాన్ని ఇల్లిచ్చేటప్పుడే ఓనరు చెప్పాలి. ఆయనకు ముందే తెలుసని రుజువు చేయడం అంత తేలిక కాదనుకోండి.

"మీ వస్తువుల్లోనే లోపం" అన్న మాటకు జవాబు పరీక్షే. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌ని పిలవండి. ప్లగ్గులన్నీ తీసేసి, మెయిన్ ఆపి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్‌ను కొలిచే మీటరు) వైర్లకూ ఎర్త్‌కూ మధ్య ఇన్సులేషన్ చూస్తారు. 1 మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే లోపం వైరింగ్‌దే. వస్తువేదీ తగిలించి లేదు కదా, ఓనరు వాదన ఇక నిలవదు. సాకెట్ మూడో రంధ్రానికి నిజంగా ఎర్త్ అందుతోందో లేదో కూడా చూడమనండి. కొన్ని పాత ఇళ్లలో ఎర్త్ లేక దాన్ని న్యూట్రల్‌కి కలిపేసి ఉంటారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఫ్రిజ్ బాడీకే కరెంటు వస్తుంది. అలాంటిది కనబడితే ఫొటో తీసి, రిపోర్టులో విడిగా రాయించండి. వైరింగ్ బాగానే ఉందని తేలితే గీజర్‌ని, ఫ్రిజ్‌ని చూపించండి. నోటీసు పంపాక ఆ సంగతి బయటపడితే మీకే ఇబ్బంది.

గీజర్ కోసం పెద్ద ఎంసీబీ వేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వైరు సన్నదైతే అదే కాలుతుంది, వేయించింది మీరు కాబట్టి తప్పు మీ మీదికొస్తుంది.

రిపోర్టు చేతికొచ్చాక, కాపీ జతచేసి ఓనరుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. గడువు ఇన్ని రోజులని చట్టంలో లేదు. ప్రాణాపాయం కాబట్టి 15 రోజులు సమంజసమే. ప్రమాదం సంగతి రాతపూర్వకంగా తెలిశాక కూడా ఊరుకుంటే, ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినప్పుడు నిర్లక్ష్యం కేసు ఎదుర్కోవాల్సి రావచ్చని ఒక వాక్యం చేర్చండి. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు. వాట్సాప్‌లో కూడా పంపండి, ఆ మెసేజ్‌లు చెరిపేయకండి.

గడువు దాటేదాకా అద్దె పూర్తిగా కట్టండి. లేదంటే అద్దె ఎగ్గొట్టారని ఆయనే ఖాళీ చేయించే కేసు వేస్తారు. తర్వాత లైసెన్స్ ఉన్నవాళ్లతోనే పని చేయించి బిల్లు తీసుకోండి. స్విచ్‌లూ ఫ్యాన్లూ మార్చడం లాంటి చిన్న పనులు తప్ప వైరింగ్ మార్పులు వాళ్లే చేయాలి. లోపం సరిచేసిన ఖర్చే మినహాయించుకోండి, మీ సౌకర్యానికి పెట్టించుకున్న కొత్త పాయింట్లు అందులో కలపకండి. మిగతా అద్దెను బ్యాంకు ద్వారా వేసి, బిల్లు కాపీ ఓనరుకు అందించండి.