ఎక్సెల్ లెక్కని క్యాడ్ మోడల్‌కి తగిలించడం ఎలా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, మాది బాలానగర్‌లో చిన్న గేర్ వర్క్‌షాప్. లెక్కలన్నీ ఎక్సెల్‌లో పెట్టుకున్నాం, మాడ్యూల్ (పంటి సైజు), పళ్ళ సంఖ్య మారిస్తే పిచ్ డయా (రెండు గేర్ల పళ్ళు కలిసే చోటి వ్యాసం), ఓడీ (బయటి వ్యాసం), సెంటర్ డిస్టెన్స్ అన్నీ వచ్చేస్తాయి. వాటిని చూసుకుంటూ ఫ్రీక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ చేత్తో కొడుతున్నా. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన సాదా ఫైల్) చేసి ఇంపోర్ట్ చేస్తే ఒకసారి వచ్చాయి గానీ తర్వాత ఎక్సెల్‌లో మార్చినా మోడల్ కదల్లేదు. లింక్ ఎలా ఇవ్వాలి?

జవాబు: కదలదండి. ఇంపోర్ట్ అంటే అక్కడున్న అంకెల్ని కాపీ తెచ్చుకోవడమే, ఆ తర్వాత మీ ఎక్సెల్ ఫైల్ ఎవరో ఫ్రీక్యాడ్‌కి తెలీదు. మాక్రో (చిన్న ప్రోగ్రామ్) రాసి ఏదో ఒకటి చెయ్యొచ్చు, కానీ గేర్ లెక్క లాంటి చిన్నదానికి అంత అవసరం లేదు, లెక్కనే తీసుకెళ్ళి ఫ్రీక్యాడ్ లోపలున్న స్ప్రెడ్‌షీట్ వర్క్‌బెంచ్‌లో పెట్టేయండి. నా మాట వింటే లెక్క ఒక్క చోటే ఉండాలి, రెండు చోట్ల ఉంటే ఏదో ఒక రోజు రెండూ వేరే వేరే జవాబులు చెప్తాయి, అప్పటికి జాబ్ మెషిన్ మీదుంటుంది.

పద్ధతి సింపులే. విలువ ఉన్న సెల్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో ఏలియాస్ అని ఉంటుంది, అక్కడ దానికో పేరు పెట్టండి. స్కెచ్‌లో డైమెన్షన్ అడిగే పెట్టెలో ఎఫ్ఎక్స్ అని చిన్న నీలం గుర్తు ఉంటుంది చూడండి, అది నొక్కి షీట్ పేరు, చుక్క, ఏలియాస్ పేరు టైప్ చేస్తే అయిపోయింది. పేరు విషయంలో ఒకటి, మాడ్యూల్‌కి ఉత్త చిన్న ఎమ్ పెడదామంటే ఒప్పుకోదు, అది దాని లెక్కలో మీటరు. పళ్ళకి పెద్ద బడి జెడ్1 అన్నా కుదరదు, అది సెల్ అడ్రస్ కదా. పొడుగు పేర్లే పెట్టుకోండి.

ఇప్పుడు అసలు ఇబ్బంది. మీ ఎక్సెల్ ఫార్ములాల్ని ఉన్నవి ఉన్నట్టు అతికిస్తే కొన్ని తప్పు జవాబిస్తాయి, అదీ ఎర్రర్ చూపించకుండా. మాడ్యూల్ 2.5, పళ్ళు 20 అనుకోండి, రెండూ గుణిస్తే పిచ్ డయా 50. బేస్ సర్కిల్ (పంటి వంపు మొదలయ్యే వృత్తం) కావాలంటే దాన్ని 20 డిగ్రీల ప్రెషర్ యాంగిల్ (పంటి వాలు కోణం, పళ్ళ సంఖ్య 20 కాదు) కాస్‌తో గుణించాలి, 46.98 రావాలి. ఎక్సెల్‌కి కోణం రేడియన్లలో ఇవ్వాలి కాబట్టి అక్కడ కాస్(రేడియన్స్(20)) అని రాసుంటారు. ఫ్రీక్యాడ్‌లో యూనిట్ లేకుండా అంకె ఇస్తే డిగ్రీలే అనుకుంటుంది, అందుకని ఇక్కడ ఉత్త కాస్(20) చాలు. ఎక్సెల్‌లో వాడిన 0.349 అనే రేడియన్ విలువని ఇక్కడ అలాగే వేస్తే అది 0.349 డిగ్రీలైపోయి బేస్ సర్కిల్ దాదాపు 50 దగ్గరే ఉండిపోతుంది, పిచ్ సర్కిల్‌కి అతుక్కుపోయి. దూరం నుంచి చూస్తే బానే ఉన్నట్టు కనపడుతుంది, అదే ప్రమాదం. ఎక్సెల్‌లో దీనికి రివర్స్, రేడియన్స్ మర్చిపోయి కాస్(20) కొడితే బేస్ సర్కిల్ 20.4 వస్తుంది, రూట్ డయానే (పళ్ళ అడుగు వ్యాసం) 43.75 ఉన్నప్పుడు ఈ తప్పు చూడగానే దొరికిపోతుంది.

ఇఫ్ ఫార్ములాలు, వీలుకప్‌లు (పట్టికలో వెతికి విలువ తెచ్చేవి) ఉంటే అవి కూడా అలాగే పనిచెయ్యవు. ఇఫ్‌కి బదులు షరతు రాసి ప్రశ్నార్థకం పెట్టి, అవునంటే ఏంటి, కోలన్ పెట్టి కాదంటే ఏంటి అని రాయాలి. యూనిట్లు కూడా, ఒక సెల్‌లో 2.5 ఎంఎం అని రాసి పక్క సెల్‌లో ఉత్త 1 పెట్టి రెండూ కూడితే యూనిట్లు కలవట్లేదని గొడవ పెడుతుంది, మంచిదే లెండి.

ప్రశ్న: పై పాఠకుడిదే ఇంకోటి. మోడల్ వాల్యూమ్‌ని అదే షీట్‌లోకి తెచ్చి బరువు లెక్క వేద్దామంటే ఎర్రర్ వస్తోంది, గ్రాఫ్ అనీ డాగ్ అనీ ఏదో అంటోంది.

జవాబు: కుక్క కాదండీ, చుట్టూ తిరిగి మొదటికే వచ్చే లింక్ ఉండకూడదని చెప్పడం అది. మోడల్ షీట్ మీద ఆధారపడింది, ఇప్పుడు షీట్ మోడల్ మీద ఆధారపడుతోంది. వేరే వేరే సెల్స్ కదా అంటారేమో, ఫ్రీక్యాడ్ సెల్ సెల్‌గా చూడదు, మొత్తం షీట్‌ని ఒకే వస్తువుగా చూస్తుంది. రెండో షీట్ తెరిచి బరువు, ఖరీదు లాంటివన్నీ అందులో వెయ్యండి, మొదటి షీట్‌లో మీరిచ్చే విలువలు, వాటి లెక్కలు మాత్రమే ఉంచండి.

ప్రశ్న: ఇన్వెంటర్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో పారామీటర్స్ విండో నుంచి ఎక్సెల్ లింక్ ఇచ్చాను. పైన కొన్ని పారామీటర్లే వచ్చాయి, కింద ఉన్నవి రాలేదు. – డిప్లొమా స్టూడెంట్, కాకినాడ

జవాబు: మధ్యలో అందం కోసం ఒక ఖాళీ వరస వదిలారా? వదిలే ఉంటారు. మొదలుపెట్టాల్సిన సెల్ నుంచి వరసగా చదువుకుంటూ వచ్చి ఖాళీ తగలగానే ఆగిపోతుంది. పేరు, విలువ, యూనిట్, కామెంట్, ఇదే వరస ఉండాలి, పేర్లలో స్పేస్ ఉండకూడదు. హెడ్డింగులు కావాలంటే పైన పెట్టుకుని, లింక్ ఇచ్చేటప్పుడు స్టార్ట్ సెల్‌గా దాని కింద సెల్ చెప్పండి. అక్కడే లింక్, ఎంబెడ్ అని రెండు ఆప్షన్లు ఉంటాయి, ఎంబెడ్ కొడితే షీట్ పార్ట్ ఫైల్ లోపలికి వెళ్ళిపోతుంది, ఇక బయట ఎక్సెల్‌లో ఎంత మార్చినా లాభం లేదు. లింక్ కొడితే ఎక్సెల్‌లో సేవ్ చేసి ఇటొచ్చి అప్‌డేట్ నొక్కాలి. కాలేజీలో సబ్మిట్ చేసేటప్పుడు మాత్రం ఎక్సెల్ ఫైల్ కూడా పార్ట్‌తో పాటే ఇవ్వండి, లేకపోతే అవతలి కంప్యూటర్‌లో లింక్ దొరకదు.

ప్రశ్న: ఎన్ఎక్స్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్సెల్ రీడ్ ఫంక్షన్‌తో ఎక్స్‌ప్రెషన్ (ఫార్ములా) రాశాను, ఎక్సెల్ సేవ్ చేసినా మోడల్ మారట్లేదు.

జవాబు: అది తనంతట తానుగా చూసుకోదు. ఎక్స్‌ప్రెషన్స్ విండోలోనే బయటి షీట్ నుంచి విలువలు రిఫ్రెష్ చేసే బటన్ ఉంటుంది, అది నొక్కండి. అప్పటికీ రాకపోతే ఫంక్షన్‌లో రాసిన ఫైల్ పాత్ చూడండి, ఫోల్డర్ పేరు ఎవరో మార్చి ఉంటారు.